నూట యాభై అడుగుల చీకటి

పదకొండు గంటల ఆటకి పదింటికే వచ్చి కూర్చోవడం సినిమావాళ్ళు చేసే పని కాదు, కానీ త్రేస్య తొమ్మిదిన్నరకే గొడుగు పట్టుకుని టాకీసు గేటు దగ్గర నిలబడి ఉంటే సోసమ్మ మాత్రం ఏం చేస్తుంది? గేటు తీయించి, ఖాళీ హాల్లో వెనక నుంచి నాలుగో వరసలో, పంకా కింద కూర్చోబెట్టింది. ఆలప్పుళలో శుక్రవారం కొత్త బొమ్మంటే బోటు జెట్టీ దాకా జనం ఉంటారు, వాళ్ళ అరుపులు తలుపుల సందుల్లోంచి లోపలికి వస్తున్నాయి. త్రేస్య తెల్ల చీర కొంగు తలమీదుగా లాక్కుని, గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది. భర్త పోయి నలభై ఆరు రోజులు. నలభై ఒకటో రోజు ప్రార్థన అయ్యేదాకా గడప దాటనంది, దాటలేదు. దాటాక మొదటిసారి బయటకు రావడం ఇక్కడికే. ఎందుకంటే దేవస్సి బతికుండగా చెప్పాడు, ఈ సినిమా మొదట్లో బొమ్మ ఉండదనీ, ఉత్త చీకటే ఉంటుందనీ, ఆ చీకట్లో మన ఇల్లు వినిపిస్తుందనీ, కళ్ళు మూసుకుని వినమనీ. ఆమె వినడానికి వచ్చింది. ఆ చీకటి ఈ సినిమాలో లేదు. దాన్ని కోసి పారేసిన చెయ్యి ఇప్పుడు ఆమె పక్కనే కుర్చీ చేతి మీద ఉంది, సోసమ్మది.

గేటు దగ్గరే చెబుదామనుకుంది. గేటు దగ్గర జనం. మెట్లెక్కుతూ చెబుదామనుకుంది, మెట్ల మీద త్రేస్యకు ఆయాసం. ఇప్పుడు జనం లేరు, ఆయాసం తగ్గింది, చెప్పకపోవడానికి వేరే సాకు దొరకడం లేదు. ఒక గంట టైముంది. గంటంటే ఆరు రీళ్ళు. అరవై మూడేళ్ళ ఆడది, అందులో నలభై ఏళ్ళు కత్తెర పట్టుకున్నది, ఒక్క వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చోవడం చూస్తే దేవస్సి ఎంత నవ్వేవాడో. ఆ నవ్వు కూడా సరిగా వినిపించేది కాదు, ముక్కులోంచి గాలి వదిలినట్టుండేది, ఎప్పుడూ మైకు వెనక ఉండి ఉండి నవ్వు కూడా చప్పుడు కాకుండా నవ్వడం అలవాటైపోయింది ఆయనకి. చెప్పాలి. త్రేస్యా, ఒక మాట. ఒక మాట అని మొదలుపెడితే చావు కబురు అనుకుంటుంది, పాపం, ఈ మధ్య ఆమెకు అందరూ అలాగే మొదలుపెట్టారు.

"ఈ తెర మీదేనా చేచ్చీ?" అంది త్రేస్య, అక్కను అడిగినట్టు, తెల్లటి తెరను చూస్తూ.

"ఆ, ఇదే."

"ఇంతేనా! ఆయన మాటలు విని ఇంకా పెద్దదనుకున్నాను."

ఆమె సినిమాలు చూసే మనిషి కాదు. పాతికేళ్ళ కాపురంలో మూడు చూసిందేమో, మూడింట్లోనూ మధ్యలో నిద్రపోయిందని దేవస్సే చెప్పాడు, గొప్పగా. ఆమె వాటా సినిమాలు కూడా సోసమ్మే చూసేసింది. చూడటం అంటే మొదళ్ళు చూడటం. మద్రాసులో ఉన్న రోజుల్లో, మలయాళం సినిమాలన్నీ ఇంకా కోడంబాక్కంలోనే తయారయ్యే కాలంలో, ఆమె నెగటివ్‌లు అతికే పనిలోనూ, అతను మైకు కట్టిన బూమ్ కర్ర పట్టుకునే పనిలోనూ ఉండగా, ఆదివారం ఒక్క పూటలో నాలుగు టాకీసులు తిరిగేవాళ్ళు. ఒక్కోచోట పది నిమిషాలే. పేర్లు పడటం, మొదటి సీను, రెండో సీనులోకి ఎలా అడుగుపెట్టారో చూడటం, లేచి రావడం. గేటువాళ్ళు గుర్తుపట్టి వీళ్ళు పిచ్చివాళ్ళని సగం టిక్కెట్టుకే వదిలేసేవారు. తర్వాత టీ కొట్టు దగ్గర తగవు. ఒక సినిమాలో రైలు కూత వినిపించాక రైలు కనిపిస్తుంది, ఇంకోదాంట్లో రైలు కనిపించాక కూత వినిపిస్తుంది, ఏది గొప్ప? ముందు బొమ్మే అనేది సోసమ్మ, కన్ను కుదురుకుంటే చెవి దానంతటదే వస్తుందనేది. దేవస్సి ఒప్పుకునేవాడు కాదు. "హాల్లో దీపాలారిపోయాక జనం ఏం చేస్తారో ఎప్పుడైనా విన్నావా సోసమ్మా? వేరుశనక్కాయలు ఒలుస్తారు. పేర్లు పడుతున్నంత సేపూ ఒలుస్తూనే ఉంటారు. ఆ చప్పుడు ఎప్పుడాగుతుందో అప్పుడు సినిమా మొదలైనట్టు. నీ బొమ్మ దాన్ని ఆపలేదు, ఎంత అందమైన మొహం చూపించు, ఒలుస్తూనే చూస్తారు. చప్పుడే ఆపాలి చప్పుడుని." అలా అంటూ చేతిలో కాయలు తనే ఒలుచుకునేవాడు.

నిజమేనని ఆమెకు తెలుసు. బల్ల ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. ఒక మనిషి తలుపు తీస్తున్న బొమ్మను కోసి తర్వాతి బొమ్మకు అతికితే అది ఉత్త అతుకే. తలుపు చప్పుడు మాత్రం నాలుగు ఫ్రేములు ముందుకు జరిపి, బొమ్మ ఇంకా వీధిలో ఉండగానే గడియ వినిపిస్తే, చూసేవాడు తన ప్రమేయం లేకుండానే ఇంట్లోకి వచ్చేస్తాడు. ఆ నాలుగు ఫ్రేములూ నేర్పింది దేవస్సి. కళ్ళతో కోయకు, ఊపిరితో కొయ్యి అనేవాడు. పాతికేళ్ళు ఆయన తెచ్చిన చప్పుళ్ళను తను బొమ్మలకు కట్టింది. పెళ్ళి చేసుకోలేదు తను, చేసుకోవాలని ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఎడిటింగ్ గదిలో చీకటి పడిందో తెల్లారిందో తెలియకుండా ఏళ్ళు దొర్లిపోయాయి. ఆయన నెలకో శనివారం సాయంత్రమయ్యేసరికి సంచీ సర్దుకుని రైలెక్కేవాడు, ఆలప్పుళకి, త్రేస్య దగ్గరికి, ముగ్గురు ఆడపిల్లల దగ్గరికి. వెళ్ళిరా అనేది తను. అంతే. అంతకంటే ఏమీ లేదు, ఉందని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేది. లేవడం కూడా ఎందుకో ఇప్పుడనిపిస్తుంది, ఏమీ లేనిదానికి.

"అరటికాయ ఉప్పేరి తెచ్చాను, తినండి" అని త్రేస్య పొట్లం విప్పింది. ఇంట్లో కొబ్బరినూనెలో వేయించినవి. సోసమ్మ ఒకటి నోట్లో పెట్టుకుంది, కరకరమంటుందని నాలుక మీదే ఉంచుకుంది. చెప్పు. ఇప్పుడు చెప్పు.

ఈ సినిమా కథ చూపుపోతున్న ఆడమనిషిది, కొబ్బరిపీచు తాళ్ళు పేనే మనిషి. మొదట ఆమె మొహం చూపించాలని డైరెక్టరు విజయధరన్ అనుకున్నాడు. దేవస్సి ఒప్పుకోలేదు. ఆమెకి కనిపించనిది మనకెందుకు కనిపించాలి? మొదట చీకటి పెట్టండి, ఆమె పొద్దున్న ఎలా వింటుందో అలా విననివ్వండి, తర్వాత మీ మొహం చూపించుకోండి, అప్పుడు ఆ మొహం మీద జనానికి జాలి కలగదు, వాళ్ళ మొహమే అనిపిస్తుంది. విజయధరన్‌కి నచ్చింది. చప్పుళ్ళ కోసం నాలుగు ఊళ్ళు తిరిగి, ఏదీ నచ్చక, చివరికి దేవస్సి తన ఇంటి వసారాలో మైకు పెట్టి, తెల్లవారుజామున పంచె ఎగ్గట్టుకుని చాప మీద పడుకుని పట్టుకొచ్చాడు. నూట యాభై అడుగులు, వంద సెకండ్లు. సోసమ్మకి అది కంఠతా వచ్చు. మొదట ఏమీ ఉండదు, ఏమీ లేకపోవడం కూడా ఒక చప్పుడేనని ఆయన చూపించాడు, నీళ్ళ పక్కనుండే ఇంటి నిశ్శబ్దం వేరు, అందులో తడి ఉంటుంది. తర్వాత గడియ. తర్వాత చీపురు. ఈనెల చీపురు ఇసక మీద, ఒక ఊపు దూరంగా, ఒక ఊపు దగ్గరగా, మధ్యలో గాజులు. చీపురు ఆగుతుంది, ఎవరో నడుం పట్టుకున్నారని తెలుస్తుంది, మళ్ళీ మొదలవుతుంది. కాలువలో పడవ మోటారు వచ్చి పోతుంది. కొబ్బరి కోరు. చర్చి గంట ఆరు కొట్టదు, నాలుగు కొట్టేసరికి కాకి అడ్డొస్తుంది. తర్వాత.

తర్వాతది సోసమ్మ తలచుకోదు. ఈ నెలరోజులుగా అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతోంది. ఎర్నాకుళంలో పంపిణీదార్లకి, ప్రింట్లు ఇంకా తీయకముందు, బల్ల మీది రీళ్ళనే వేసినప్పుడు కూడా అక్కడిదాకా రానివ్వలేదు వాళ్ళు. తెర నల్లగా ఉండగానే ఒకడు ఈల వేశాడు, ఇంకొకడు "బొమ్మ! బొమ్మేదిరా?" అన్నాడు, తర్వాత హాలంతా బొమ్మ బొమ్మ అని ఒకటే గోల, పైన ఆపరేటరు దీపం పోయిందనుకుని గాభరాపడి మెషీను ఆపేశాడు. ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "కార్బన్ మారుస్తున్నా, ఒక్క నిమిషం" అని కేకేశాడు. ఎంత సొంపుగా ఉంది ఆ నవ్వులాట. పరీత్ ముదలాళి, డబ్బు పెట్టిన మనిషి, బయటికి వచ్చి తల పట్టుకున్నాడు. "సోసమ్మ గారూ, ఫిల్మ్ సొసైటీల్లో చూసేవాళ్ళు కుర్చీలు చింపరు, మా ఊళ్ళవాళ్ళు చింపుతారు. పోయినాయన మీద నాకూ గౌరవముంది. కానీ ఆయన కోసం నన్నూ పాతిపెట్టేస్తారా?" విజయధరన్ నేల చూశాడు. నేల చూస్తూనే, "మీరేం చేస్తే అదే చేచ్చీ" అన్నాడు. మంచివాడు, మంచివాళ్ళు కష్టకాలంలో నేల చూస్తారు.

తను చేసింది. ఎవరి మీదా తోయడానికి లేదు. రీళ్ళు కోసే మూవియోలా మెషీను ముందు కూర్చుంది, దేవస్సి పోయి అప్పటికి పన్నెండు రోజులు. వినకుండా కోయొచ్చు, గుర్తులున్నాయి కదా, మొదలూ చివరా తెల్ల పెన్సిలు గీతలున్నాయి. అయినా ఒకసారి విందామని పెట్టింది. గడియ, చీపురు, పడవ, కోరు, గంట, కాకి. తర్వాత. సరే, తలచుకుంటే ఏం, తలచుకోకపోతే ఏం. తర్వాత ఆయన గొంతు. యూనిట్లో ఎవడు దగ్గినా షాటు ఆపించే మనిషి, సొంత ఊపిరి కూడా టేపు మీదికి రానివ్వని మనిషి, ఆ రోజు మాత్రం చాప మీంచి లేస్తూ, మెషీను తిరుగుతుండగానే, పిలిచాడు. "త్రేస్యా, చాయ పెట్టావా?" దూరం నుంచి, "పెడుతున్నా, పెడుతున్నా" అని ఆమె. అది ఉంచుదామా అని తను అడిగినప్పుడు సిగ్గుపడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి, "ఉంచు సోసమ్మా, ఆ కథలో ఆమెకీ ఒక మొగుడు ఉండాలిగా" అన్నాడు. పొద్దున్నే అందరి ఇంట్లో వినిపించే మాట. పన్నెండు రోజుల కింద మట్టిలో పెట్టిన మనిషి చాయ అడుగుతుంటే ఎవరు వినగలరు? అందుకే కోశానని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. వినలేక. అందులో అబద్ధం లేదు. కానీ అది మొత్తం నిజం కూడా కాదని ఈ ఖాళీ హాల్లో, ఈ తెల్లచీర పక్కన కూర్చుంటే తెలిసిపోతోంది. పాతికేళ్ళలో ఆయన తనని లక్షసార్లు పిలిచాడు, సోసమ్మా ఇది వినూ, సోసమ్మా ఇది చూడూ అని. ఆ పిలుపుల్లో ఒక్కటి కూడా ఎక్కడా లేదు. ఉన్న ఒక్క గొంతూ ఇంకొకరి పేరు పిలుస్తోంది. బ్లేడు దించినప్పుడు చెయ్యి వణకలేదు. వణకాల్సింది.

అయినా కోసిన ముక్క ముక్కగా మిగిలి ఉంటే చాలు, త్రేస్య చేతిలో పెట్టి ఉండేది. అక్కడే చేతిలోని పాతకాలపు అలవాటు గొంతు కోసింది. కోసిన ముక్కను చుట్టి, డబ్బాలో పెట్టి, మూత మీద ఎన్.జి. అని రాసింది. పనికిరానివాటి మీద రాసే రెండక్షరాలు, రోజుకు ముప్పైసార్లు రాసే చెయ్యి, మనసు ఎక్కడో ఉండగా రాసేసింది. శబ్దపు రీళ్ళు ఖరీదైనవి, ఎన్.జి. అని ఉన్న డబ్బాలన్నీ స్టూడియో స్టోరువాళ్ళు సోమవారం సోమవారం పట్టుకెళ్ళి, చెరిపి, తర్వాతి సినిమాకి ఇచ్చేస్తారు. ఆ సంగతి ఆమెకి తెలియదా? ఆమే కదా కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పేది. బుధవారం గుర్తొచ్చి స్టోరుకి పరిగెత్తింది, చెప్పులు కూడా వేసుకోలేదు. స్టోరు గుమాస్తా ఖాళీ డబ్బా చూపించాడు. "మీ చేతిరాతే కదా టీచర్?" అన్నాడు. ఆమె చేతిరాతే. అసలు టేపైనా ఉందేమోనని దేవస్సి సంచీ వెతికితే, దాని మీద ఆయనే వారం తర్వాత ఏదో గుడి ఏనుగు గంటలు ఎక్కించుకున్నాడు, పిసినారి, టేపు కొననిస్తేగా. గంటలు మాత్రం ఎంత బాగున్నాయో. అరగంట విందామె ఆ ఏనుగు నడకని, మధ్యలో ఎక్కడైనా తప్పిపోయి ఒక మాట వినిపిస్తుందేమోనని.

తలుపులు తెరిచారు. జనం తోసుకుంటూ లోపలికి పడ్డారు, కుర్చీలు దభదభలాడాయి, బీడీ వాసన, తడి గొడుగుల వాసన. వెనక ఎవడో హీరో పేరు పెట్టి కేక వేస్తే ఇంకా పాతికమంది అందుకున్నారు. త్రేస్య బెదరలేదు. "ఇంతమంది వింటారా మన ఇల్లు!" అంది. ఆ మాటలో గర్వం ఉంది. ఇప్పుడు చెప్పాలంటే అరిచి చెప్పాలి. అరిచి చెప్పే మాటా అది?

దీపాలు ఆరిపోయాయి. "ఇదేనా?" అని త్రేస్య అడిగి, జవాబు కోసం ఆగకుండా కళ్ళు మూసుకుంది. సెన్సారు కాగితం పడింది, ఎన్ని రీళ్ళో పైకి చదివారు ముందు వరసలవాళ్ళు. చీకటి ఒక సెకండు, అతుకు పోయే సందు మాత్రమే, సోసమ్మ ఆ సందులోకి దూరిపోదామనుకుంది. వెంటనే వీణ, వేణువు, నలభై వయొలిన్లు. సూర్యుడు నీళ్ళ మీద పైకొచ్చాడు, ఎర్రగా, క్యాలెండరులో లాగ. హీరో గొంతు, సినిమాలో లేని హీరో, ముదలాళి కాళ్ళావేళ్ళా పడి చదివించుకొచ్చిన గొంతు, మన నేల గురించీ మన తల్లుల గురించీ నాలుగు ముక్కలు చెప్పింది. హాలు అదిరిపోయింది. ఈలలు, కాగితాలు. ఎవరూ కుర్చీలు చింపలేదు. పనిచేసింది, సోసమ్మ కోత పనిచేసింది, ఆ సంగతి ఆమెలోని ఎడిటరుకి తెలుస్తూనే ఉంది, దాన్ని నోరు మూసుకోమనాలనిపించింది. పాట మీద పేర్లు మొదలయ్యాయి. వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. శబ్దగ్రహణం, దేవస్సి. నాలుగు సెకండ్లు. చెయ్యి తట్టి చూడు అనాలి, త్రేస్యా ఆయన పేరు అనాలి, నాలుగు సెకండ్లు చాలా పెద్ద టైము, తొంభై ఆరు ఫ్రేములు, ఎన్నో చేయొచ్చు. సోసమ్మ చెయ్యి లేవలేదు. త్రేస్య కళ్ళు మూసుకునే ఉంది. పేరు పోయింది, ఇంకెవరి పేరో వచ్చింది.

"ఈ ప్రకటన చాలా పెద్దదే" అని చెవిలో గొణిగింది త్రేస్య, కళ్ళు తెరవకుండానే. "మనది ఇంకా మొదలవలేదు కదా చేచ్చీ?"

"త్రేస్యా, కళ్ళు తెరువు."

"ఆయన మూసుకోమన్నాడు."

"అది రాదమ్మా. తీసేశారు. తీసేశారు కాదు, నేనే తీసేశాను. జనం గోల చేస్తే తీసేశాను."

త్రేస్య కళ్ళు తెరిచింది. తెర వెలుతురులో ఆమె మొహం ఎర్రగా ఉంది, సూర్యుడి రంగు. కోపం వస్తుందేమోనని సోసమ్మ ఎదురుచూసింది, వస్తే బాగుండునని కూడా అనుకుంది. త్రేస్య గొడుగు పిడిని ఒకసారి నిమిరింది.

"ఇంకెక్కడైనా ఉందా?"

"లేదు. చెరిగిపోయింది. అదీ నా తప్పే."

పాట రెండో చరణంలోకి వచ్చింది. త్రేస్య దగ్గరికి జరిగింది, ఆమె నోట్లోంచి ఏలకుల వాసన వస్తోంది. "ఒక్కటి చెప్పండి చేచ్చీ. అందులో ఆయన గొంతేమైనా ఉందా? ఊళ్ళో అందరి గొంతూ పట్టుకొచ్చాడు, కుక్కలవీ కాకులవీ కూడా. ఇంట్లో వెతికాను, ఆయనది ఎక్కడా లేదు. చిన్నది అడుగుతుంది, నాన్న పిలిచినట్టు ఒకసారి పిలువమ్మా అని. నేను అనుకరిస్తే నవ్వుతుంది."

సోసమ్మకి మొత్తం వినిపించింది. కాకి అరవడం, చాప మీంచి లేచిన మోకాళ్ళ చప్పుడు, ఆ పిలుపు, దూరం నుంచి ఆ జవాబు. ప్రపంచంలో అది ఇప్పుడు ఒక్కచోటే ఉంది.

"లేదు త్రేస్యా" అంది. "ఆయన గొంతు లేదు. మీ ఇంటి చప్పుళ్ళే. చీపురూ అదీ."

త్రేస్య గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత సోసమ్మ చేతి మీద చెయ్యి వేసి, ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టినట్టు రెండుసార్లు తట్టింది.

"అయితే పోనివ్వండి చేచ్చీ. దానికెందుకంత బాధపడతారు? చీపురు ఇంట్లోనే ఉంది కదా."